సరిహద్దు ఒడిశాలో సివిల్ కేసుకి ఉచిత ప్లీడరు: ఏ ఆఫీసు, ఏ కాగితం, ఎన్ని రోజులు

కోర్టు సమన్లు ఇప్పటికే చేతికందినవాళ్లు ముందు తేదీలు చూసుకోండి, మిగతా విషయాలు తర్వాత. సివిల్ దావాలో సమన్లు అందిన రోజు నుంచి 30 రోజుల్లో మీ జవాబు, అంటే రిటన్ స్టేట్‌మెంట్, కోర్టులో పడాలి. కారణం చూపిస్తే కోర్టు దాన్ని 90 రోజుల దాకా పొడిగించవచ్చు. ఉచిత ప్లీడరుని ఇచ్చే న్యాయ సేవా సంస్థకి దరఖాస్తు పెట్టినంత మాత్రాన ఈ లెక్క ఆగదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ‘అర్జీ ఇచ్చాం కదా, వాళ్లే పిలుస్తారు’ అని ఇంట్లో కూర్చుంటారు. వాయిదా రోజున పేరు పిలుస్తారు, ఎవరూ పలకరు, కేసు ఎక్స్‌పార్టీ అయిపోతుంది, అంటే మీ మాట వినకుండానే నడిచిపోతుంది.

అందుకని సమన్ల మీద వేసిన వాయిదా తేదీకి ప్లీడరు దొరికినా దొరక్కపోయినా మీరే వెళ్లండి. అర్జీ ఇచ్చినట్టు రసీదు గానీ, ముద్ర వేసిన నకలు గానీ చేతిలో ఉంచుకుని, న్యాయ సేవా సంస్థకి దరఖాస్తు పెట్టుకున్నామనీ గడువు కావాలనీ జడ్జిగారికి చెప్పండి. ఆ మాట చెప్పడానికి ప్లీడరు అక్కర్లేదు.

ఎక్స్‌పార్టీ డిక్రీ అప్పటికే వచ్చేసి ఉంటే, దాన్ని రద్దు చేయమని అడగడానికి 30 రోజులు. సమన్లు మీకు సరిగా అందనే లేదంటే, డిక్రీ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి ఆ 30 రోజులు లెక్క. ఓడిపోయిన కేసు మీద జిల్లా కోర్టుకి అప్పీలు అయితే 30 రోజులు, హైకోర్టుకి అయితే 90 రోజులు. తీర్పు సర్టిఫైడ్ కాపీ తయారవడానికి పట్టిన రోజులు ఇందులోంచి మినహాయిస్తారు కాబట్టి, కాపీకి అర్జీ తీర్పు రోజే పెట్టేయండి. ఉచిత సాయం మొదటి కోర్టుతో అయిపోదు. ఓడినవాళ్లు అప్పీలు కోసం కూడా అడగవచ్చు.

ఎవరికి దొరుకుతుంది

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో సెక్షన్ 12 ఇది తేలుస్తుంది. జనం అనుకునేది ‘పేదవాళ్లకే’ అని. నిజానికి ఆదాయం చూసేది ఒక్క వర్గానికే. ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, వెట్టిచాకిరీకి గానీ మనుషుల అక్రమ రవాణాకి గానీ గురైనవాళ్లు, తుఫాను, వరద, కరువు, కుల దౌర్జన్యం లాంటి వాటి బాధితులు, నిర్బంధంలో ఉన్నవాళ్లు: వీళ్లెవరికీ ఆదాయంతో పని లేదు. వీటిలో దేనికీ చెందని మగవాళ్లకి ఏడాది ఆదాయం ఒడిశాలో 3 లక్షల రూపాయల లోపు ఉండాలి. సుప్రీంకోర్టు కేసుకైతే ఆ పరిమితి 5 లక్షలు.

ఇక్కడి తెలుగువాళ్లకి ఒక చిక్కు ఉంది. ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రానికొకటి. శ్రీకాకుళం జిల్లాలో పుట్టి పెళ్లయి పర్లాకిమిడి వచ్చినావిడకో, బరంపురంలో పని కోసం స్థిరపడిన కుటుంబానికో ఆంధ్ర కుల ధ్రువపత్రం ఉండొచ్చు. ఒడిశాలో అదే హోదా దానంతటదే రాదు. ఆ కాగితం పెడితే ‘ఇక్కడిది తెండి’ అంటారు, దానికోసం తహసీలు చుట్టూ తిరగడంలో నెలలు పోతాయి. తిరగాల్సిన పనే లేదు. ఆడమనిషైతే దరఖాస్తులో ‘మహిళ’ అన్న గడి దగ్గర టిక్ పెట్టి ఆధార్ జత చేస్తే సరిపోతుంది. మగమనిషైతే ఆదాయం గడి చూసుకోవాలి. ఏ గడిలో రుజువు తేలికో ఆ గడిలోంచే వెళ్లండి. ఒక్క అర్హత చాలు, మూడు చూపించినా అదనంగా వచ్చేదేమీ లేదు.

ఆదాయానికి తహసీల్దారు ధ్రువపత్రమే కావాలని పట్టుబడితే చట్టంలోని మాట గుర్తు చేయండి: ఆదాయం గురించి దరఖాస్తుదారు ఇచ్చే అఫిడవిట్‌నే సంస్థ సరిపోయినట్టు తీసుకోవచ్చు. అనుమానించడానికి కారణం ఉంటేనే మరో రుజువు అడుగుతారు. తప్పుడు లెక్క మాత్రం రాయకండి. బయటపడితే ఇచ్చిన సాయం మధ్యలోనే వెనక్కి తీసుకుంటారు, అప్పుడు కేసు నడిమధ్యలో ప్లీడరు లేకుండా మిగులుతారు.

ఎక్కడికి వెళ్లాలి

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ జిల్లా జడ్జి కోర్టు దగ్గర ఉంటుంది. కలెక్టరు ఆఫీసు దగ్గర వెతికితే రెండు జిల్లాల్లో బస్సు ఛార్జీ దండగ. గంజాం జిల్లా కేంద్రం ఛత్రపురం, కానీ జిల్లా జడ్జి కోర్టు బరంపురంలో. కొరాపుట్ జిల్లా కేంద్రం కొరాపుట్, జిల్లా జడ్జి కోర్టు జయపురంలో. గజపతి జిల్లాకి పర్లాకిమిడి, రాయగడ జిల్లాకి రాయగడ, మల్కన్‌గిరికి మల్కన్‌గిరి. గజపతి జిల్లాలో రాయగడ పేరుతోనే ఒక బ్లాకు కూడా ఉంది, చిరునామా రాసేటప్పుడు జిల్లా పేరు విడిచిపెట్టకండి. గుణుపూరు లాంటి సబ్‌డివిజన్ కోర్టుల దగ్గర తాలూకా న్యాయ సేవా కమిటీలు ఉంటాయి. ఊరికి అదే దగ్గరైతే అక్కడే ఇవ్వొచ్చు.

బోర్డు ఒడియాలో ఉంటుంది: ‘జిల్లా ఆఇన సేవా ప్రాధికరణ’. గేటు దగ్గర అడగాల్సి వస్తే ‘మోతే మాగణా ఆఇన సహాయతా దరకార్’ అంటే చాలు. మాగణా అంటే ఉచితం. లోపల ఫ్రంట్ ఆఫీసు అని ఒక గది ఉంటుంది, అక్కడ ఒక ప్లీడరు గానీ పారా లీగల్ వాలంటీరు (ప్లీడరు కాకపోయినా చట్టపరమైన పనుల్లో సాయపడే సంస్థ మనిషి) గానీ కూర్చుంటారు. ఒక తేడా తెలిసి ఉండాలి: లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ అన్న బోర్డు ఉన్న గది క్రిమినల్ కేసుల్లో ముద్దాయిల కోసం. భూమి, భరణం, బాకీ కేసులు అక్కడ తీసుకోరు. అక్కడ కాదన్నారని మీకు సాయం దొరకదనుకోకండి, ఫ్రంట్ ఆఫీసుకి వెళ్లండి.

అంతదూరం వెళ్లలేనివాళ్లకి 15100 టోల్‌ఫ్రీ నంబరు ఉంది. నల్సా, అంటే జాతీయ న్యాయ సేవాధికార సంస్థ, వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌గా దరఖాస్తు పెట్టొచ్చు, పోస్టులో కూడా పంపొచ్చు. సమన్లు వచ్చిన కేసైతే మాత్రం మనిషే వెళ్లడం మేలు.

అర్జీలో ఏం రాయాలి

ఫారం ఉచితం. దాన్ని స్థానిక భాషలో గానీ ఇంగ్లీషులో గానీ నింపాలి, ఇక్కడ స్థానిక భాష అంటే ఒడియా. రాయడం రానివాళ్లు నోటితో చెబితే సంస్థవాళ్లే రాసుకుని సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. తెలుగులో మాత్రమే చెప్పగలిగితే తెలుగు తెలిసిన వాలంటీరుని పిలవమని అడగండి. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ లాంటి చోట్ల అది వింత కోరికేమీ కాదు. సంతకం తెలుగులో చేసినా చెల్లుతుంది.

కథంతా రాయకండి. ఎవరి మీద, ఏం కావాలి, గొడవ ఎప్పుడు మొదలైంది, ఇప్పటికే కోర్టులో ఉంటే కేసు నంబరు, వచ్చే వాయిదా తేదీ. అరపేజీలో తేలిపోవాలి. వాయిదా దగ్గర్లో ఉంటే ఆ తేదీని పైనే పెద్దగా రాయండి. రెండు కాపీలు తీసుకెళ్లి రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. సాధారణంగా 7 రోజుల్లోపు నిర్ణయం చెప్పాలి. కాదంటే ఆ సంస్థ ఛైర్మన్‌కి అప్పీలు చేసుకోవచ్చు, జిల్లాలో ఆ ఛైర్మన్ జిల్లా జడ్జే.

ప్లీడరు ఫీజుతో పాటు కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు (సమన్లు, నోటీసులు పంపే ఖర్చు), టైపింగు, సర్టిఫైడ్ కాపీలు, కాగితాల అనువాదం ఖర్చులు కూడా ఈ సాయంలోకి వస్తాయి. చివరిది మనవాళ్లు దాదాపు అడగరు. 1936కి ముందు గంజాం, కొరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. తాత నాటి దస్తావేజు తెలుగులో ఉంటే దాన్ని ఒడియాలోకో ఇంగ్లీషులోకో మార్చాల్సిందే, ఆ ఖర్చు మీ జేబులోంచి పెట్టక్కర్లేదు. అసలు దస్తావేజు మాత్రం ఎవరికీ వదిలిపెట్టకండి. చూపించండి, నకలు ఇవ్వండి, అసలు ఇంటికి తెచ్చుకోండి. కోర్టులో దాఖలు చేయాల్సి వచ్చిన రోజున దాఖలు చేసినట్టు జాబితా మీద ప్లీడరు సంతకం తీసుకోండి.

పేర్లు, పట్టాలు

మన ఇంటిపేరు ఆధార్‌లో ముందుంటుంది, ఒడియా రికార్డులో చివరికి పోతుంది, బడి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరంగా మిగులుతుంది. అప్పారావు అన్నది ఒడియా పట్టాలో ‘ఆపా రాఓ’ అయి కూర్చుంటుంది. అవతలి ప్లీడరు మొదట పట్టుకునేది దీన్నే: పట్టాలో ఉన్న మనిషీ దావా వేసిన మనిషీ ఒకరు కాదని. దావా వేయకముందే ఉన్న పేర్లన్నీ రాసి, అన్నీ ఒకే మనిషివని ఒక అఫిడవిట్ చేయించండి. తండ్రి పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం అన్ని కాగితాల్లో కలుస్తున్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

భూమి కేసుకి ఆర్ఓఆర్, అంటే భూమి హక్కుల రికార్డు, కావాలి. జనం దాన్నే పట్టా అంటారు. ఒడిశా భూమి రికార్డులుండే భూలేఖ్ వెబ్‌సైట్ ప్రింటు సమాచారానికి పనికొస్తుంది గానీ కోర్టుకి తహసీలు నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ఖాతా నంబరు, ప్లాట్ నంబరు, మౌజా (రెవెన్యూ గ్రామం) మూడూ రాసుకోండి. పాత సర్వే నంబరుని సాబిక్ అనీ, ఇప్పటిదాన్ని హాల్ అనీ అంటారు. తాత దస్తావేజులో ఉన్నది సాబిక్, ఇప్పటి పట్టాలో ఉన్నది హాల్. ఈ రెండూ ఒకే నేల అని కలిపి చూపించే కాగితం లేకపోతే కేసు అక్కడే ఆగుతుంది. తహసీలులో దానికోసం కూడా అడగండి. విస్తీర్ణం డిసిమిల్‌లలో ఉంటే కంగారు పడకండి, మన సెంటూ అదీ ఒకటే: ఎకరంలో నూరో వంతు.

బ్యాంకులో చనిపోయినవాళ్ల డబ్బు కోసం కోర్టు ఇచ్చేది సక్సెషన్ సర్టిఫికెట్. వారసులు ఎవరో చెప్పే లీగల్ హెయిర్ సర్టిఫికెట్ తహసీల్దారు ఇస్తారు. రెండూ ఒకటే అనుకుని తప్పుడు గుమ్మం ముందు నెలలు గడిపేవాళ్లు చాలామంది. ఏది కావాలో బ్యాంకు చేత రాతపూర్వకంగా చెప్పించుకుని తర్వాతే ఫ్రంట్ ఆఫీసుకి వెళ్లండి.

రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలు మొత్తంగా, గజపతిలో కొంత భాగం షెడ్యూల్డ్ ఏరియా. అక్కడ గిరిజనుల భూమి బదిలీ మీద 1956 నాటి 2వ రెగ్యులేషన్ నడుస్తుంది. 2002 సవరణ తర్వాత గిరిజనుడి భూమిని గిరిజనేతరుడికి అమ్మడమే నిషేధం. తెల్లకాగితం మీద కొని, ఇల్లు కట్టుకుని, ఇప్పుడు హక్కు నిలబెట్టమంటే ఉచిత ప్లీడరైనా లక్షల ఫీజు ప్లీడరైనా చేయగలిగింది లేదు. భూమి పోయిన గిరిజన కుటుంబం వైపు మాత్రం ఆ కేసు సబ్‌కలెక్టరు దగ్గర నడుస్తుంది, అక్కడికి కూడా ఉచిత సాయం వస్తుంది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం కోర్టులకే కాదు, ట్రైబ్యునళ్లకీ ఇతర అధికారుల ముందు నడిచే కేసులకీ వర్తిస్తుంది.

ఏటికి ఏ ఒడ్డున

పర్లాకిమిడిలో ఇల్లు, పాతపట్నం దగ్గర పొలం. ఇచ్ఛాపురంలో అత్తవారు, బరంపురంలో పుట్టిల్లు. సరిహద్దులో ఇవి మామూలు. దావా ఎక్కడ వేయాలన్నది మనిషి ఎక్కడుంటాడన్న దాన్ని బట్టి కాక కేసు రకాన్ని బట్టి తేలుతుంది.

భూమి గొడవైతే భూమి ఎక్కడుందో ఆ కోర్టే. పొలం పాతపట్నం వైపు ఉంటే ఒడిశాలో వేసిన దావా తిరిగొస్తుంది. ఆంధ్రలో మండల న్యాయ సేవాధికార సంస్థకి గానీ శ్రీకాకుళంలో జిల్లా సంస్థకి గానీ దరఖాస్తు ఇవ్వాలి. మీరు ఒడిశా మనిషి కావడం దానికి అడ్డు కాదు.

ఆడవాళ్ల విషయంలో చట్టం వాళ్ల వైపు మొగ్గింది. భరణం కేసు, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 125, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో సెక్షన్ 144, భార్య ఉంటున్న చోట వేయొచ్చు. గృహహింస కేసు తాత్కాలికంగా తలదాచుకున్న చోట కూడా వేయొచ్చు. హిందూ వివాహ చట్టం కింద విడాకులు కూడా భార్య ఉంటున్న జిల్లాలో అడగవచ్చు. పుట్టింటికి వచ్చేసిన మనిషి వాయిదా వాయిదాకీ అత్తవారి ఊరు పోనక్కర్లేదు. ‘అక్కడే వేయాలమ్మా’ అని ఎవరైనా అంటే, ఏ సెక్షన్ ప్రకారమో రాసిమ్మని అడగండి.

రోడ్డు ప్రమాదంలో నష్టపరిహారం కేసు కూడా ప్రమాదం జరిగిన చోటే కాక బాధితులు ఉంటున్న చోట వేయొచ్చు. జాతీయ రహదారి మీద ఆంధ్ర వైపు లారీ గుద్దినా బరంపురంలో వేయొచ్చు. ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఆంధ్ర పోలీసు స్టేషన్ నుంచే తెచ్చుకోవాలి, అది మొదటి వారంలోనే చూసుకోండి.

పిల్లలు చూడని తల్లిదండ్రులకి 2007 చట్టం కింద ట్రైబ్యునల్ వేరే ఉంది, అది సబ్‌కలెక్టరు దగ్గర. ఆ చట్టం ప్లీడర్లు వద్దంటుంది, కానీ అర్జీ రాసిపెట్టడానికి పారా లీగల్ వాలంటీరు సాయం తీసుకోండి.

ప్లీడరు వచ్చాక

ప్యానెల్‌లో, అంటే సంస్థ దగ్గరున్న ప్లీడర్ల జాబితాలో, మీకు ఫలానా ప్లీడరు కావాలనుకుంటే అడగవచ్చు, ఒప్పుకోవడం సంస్థ చేతిలో ఉంది. ‘తెలుగు వచ్చినవాళ్లు కావాలి’ అన్నది బలమైన కారణం, అర్జీలోనే రాయండి. ఒడియా మాటలు అర్థమైనట్టు తలూపి బయటికొచ్చి పక్కవాళ్లని అడగడం వల్ల కేసులు పాడవుతాయి. అఫిడవిట్ మీద సంతకం పెట్టేముందు తెలుగులో చదివి చెప్పించుకోండి. ‘నాకు అర్థమయ్యే భాషలో వివరించారు’ అన్న వాక్యం అందులో ఉందో లేదో చూడండి. సాక్ష్యం తెలుగులో చెప్పాల్సి ఉంటే ఆ సంగతి ప్లీడరుకి ముందు వాయిదాలోనే చెప్పండి, దుబాసీ కోసం కోర్టుని అడగడానికి ఆయనకి వ్యవధి కావాలి.

ప్యానెల్ ప్లీడరు మీ దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు. గుమాస్తా ఖర్చులనీ నకళ్లకనీ కూడా అడగకూడదు. అడిగితే గొడవ పడకండి, తేదీ, మొత్తం రాసుకుని సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి. వాయిదాలకి రాకపోయినా, ఫోను ఎత్తకపోయినా అలాగే. ప్లీడరుని మార్చమని అడగవచ్చు. చేయకూడని పని ఒకటుంది: సంస్థకి చెప్పకుండా బయట ఇంకో ప్లీడరుని పెట్టుకోవడం. ఉచిత సాయం దానితో రద్దు కావచ్చు.

లోక్ అదాలత్ నోటీసు వస్తే

మామూలు లోక్ అదాలత్‌లో రాజీ తప్ప తీర్పు ఉండదు. ఇష్టం లేకపోతే సంతకం పెట్టకుండా వచ్చేయొచ్చు, కేసు మళ్లీ కోర్టుకి వెళుతుంది. సంతకం పెట్టాక మాత్రం అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. అంకెలు, వాయిదాల తేదీలు, కట్టకపోతే ఏమవుతుందన్నదీ తెలుగులో చదివించుకున్నాకే పెన్ను పట్టండి. పెండింగు కేసు అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది.

శాశ్వత లోక్ అదాలత్ వేరు. కరెంటు, నీళ్లు, రవాణా, పోస్టు, ఆసుపత్రి, బీమా లాంటి సేవల మీద గొడవలు కోర్టుకి వెళ్లకముందే అక్కడికి తీసుకెళ్లొచ్చు, పరిమితి 1 కోటి రూపాయలు. ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదరకపోతే వాళ్లే తీర్పు చెప్పేస్తారు. అందుకే ఆ పేరుతో వచ్చిన నోటీసుని లోక్ అదాలత్ కాగితమే కదా అని పక్కన పడేయకండి. కవరు మీద ‘స్థాయీ’ అన్న మాట ఉందో లేదో ఒడియా చదవగలిగిన వాళ్లకి చూపించండి.